ప్రెసిషన్ రైఫిల్‌కు ట్రైపాడ్: ఎలా ఎంచుకోవాలి, ఎలా నిలబెట్టాలి

"రైఫిల్‌కి ఏ ట్రైపాడ్ కొనమంటారు?" అని అడిగేవాళ్లు సాధారణంగా ఒక మోడల్ పేరు కూడా చెబుతారు. వెంటనే "ఇది 25 కిలోలు మోస్తుందట" అంటారు. మ్యాచ్ రైఫిల్ ఎంత బరువున్నా 10, 11 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. మోయడానికి మామూలు ట్రైపాడ్ కూడా మోస్తుంది. మనకు కావాల్సింది ఊగకుండా నిలబడేది, అది డబ్బా మీది బరువు అంకెలో కనపడదు. ఆ అంకెను ఎలా తేల్చాలన్నదానికి తయారీదారులందరూ పాటించే ఒకే కొలమానం కూడా లేదు. కాబట్టి దాన్ని పక్కన పెట్టి మొదలుపెడదాం.

ఇక్కడ చెప్పేదంతా అమెరికాలో జరిగే పీఆర్‌ఎస్ (ప్రెసిషన్ రైఫిల్ సిరీస్), ఎన్‌ఆర్‌ఎల్ (నేషనల్ రైఫిల్ లీగ్) హంటర్ తరహా మ్యాచ్‌లకు, వేటకు సంబంధించినది. భారత్‌లో ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య) నిబంధనల ప్రకారం 10 మీటర్లు, 50 మీటర్ల రైఫిల్ ఆడేవాళ్లకు దీనితో పని లేదు. అక్కడ కాల్చేటప్పుడు రైఫిల్‌ను దేనిమీదా ఆనించకూడదు.

## 1. కొనే ముందు తేల్చుకోవాల్సినవి

ముందుగా చట్టం. ట్రైపాడ్ ఎవరైనా కొనుక్కోవచ్చు, రైఫిల్ అలా కాదు. హెచ్‌-1బీ, ఎఫ్‌-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ వీసా నిషేధం వర్తించదు గానీ రాష్ట్రాల నిబంధనలు వేరేగా ఉంటాయి. "ఫ్రెండ్ రైఫిలే కదా, రేంజ్‌లో ఒక్కసారి పట్టుకుంటే ఏమవుతుంది" అనుకుని టెక్సాస్ రేంజ్‌కి వెళ్లే కుర్రాళ్లు ఈ వాక్యాలు రెండుసార్లు చదవండి. మీ పరిస్థితి ఏమిటో ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే ముందుకు వెళ్లండి.

తర్వాత, ట్రైపాడ్‌తో మీకున్న పని ఏమిటో కాగితం మీద రాసుకోండి:

- నిలబడి నేరుగా దానిమీద నుంచే కాల్చడం
- మోకాలి మీద గానీ కూర్చుని గానీ కాల్చడం
- ముందు బారికేడ్ (రైఫిల్ ఆనించే అడ్డు) మీద, వెనక బట్ (భుజానికి ఆనే చివర) కింద ఆసరాగా ట్రైపాడ్
- బైనాక్యులర్ పెట్టి టార్గెట్లు వెతకడం
- పైవన్నీ చేస్తూ కొండల్లో మైళ్లకొద్దీ మోసుకెళ్లడం

ఎన్‌ఆర్‌ఎల్ హంటర్ స్టేజ్‌లో (మ్యాచ్‌లో ఒక్కో అంకాన్ని స్టేజ్ అంటారు) 4 నిమిషాల్లోనే టార్గెట్లు వెతకాలి, దూరం కొలవాలి, కాల్చాలి. ఒకే ట్రైపాడ్ మీద ముందు బైనాక్యులర్, ఆ వెంటనే రైఫిల్ ఎక్కుతాయి. అక్కడ క్లాంప్ (రైఫిల్‌ను పట్టి బిగించే భాగం) ఎంత త్వరగా తెరుచుకుంటుందన్నది కాళ్ల నాణ్యత అంత ముఖ్యం. పీఆర్‌ఎస్‌లో కారు దగ్గర్నుంచి స్టేజ్ దాకా మోస్తే చాలు కాబట్టి ఒక కిలో ఎక్కువున్నా పర్వాలేదు.

## 2. ఎత్తు కొలవండి

చాలామంది దాటేసే మెట్టు ఇదే. ఒక టేపు, సాయానికి ఒక మనిషి ఉంటే పది నిమిషాల పని.

రైఫిల్ ఖాళీగా ఉందని చాంబర్ (తూటా కూర్చునే చోటు) చూసి, వేలు పెట్టి నిర్ధారించుకోండి. తూటాలు వేరే గదిలో ఉంచండి. కాళ్లు భుజాలకంటే కాస్త వెడల్పుగా పెట్టి, నడుము నుంచి కొద్దిగా ముందుకు వాలి, కాల్చే భంగిమలో నిలబడండి. నేల నుంచి ఫోరెండ్ (బ్యారెల్ కింద ఉండే ముందు భాగం) అడుగు దాకా పక్కవాళ్లతో కొలిపించండి. ఇది మొదటి అంకె.

తిన్నగా నిలబడి నేల నుంచి కంటి దాకా కొలిపించండి. బైనాక్యులర్ కోసం ఇది రెండో అంకె.

ఒక ఉదాహరణ. 5 అడుగుల 8 అంగుళాల మనిషికి ఫోరెండ్ ఎత్తు 52 అంగుళాలు వచ్చిందనుకుందాం. హెడ్ (కాళ్ల మీద బిగించే, అటూ ఇటూ వాలే తల), క్లాంప్ కలిపి 5 అంగుళాలు పోతే కాళ్లు 47 అంగుళాలు ఉంటే చదునైన నేల మీద సరిపోతుంది. కానీ టార్గెట్లు చదునైన చోటే ఉండవు. వాలులో కింది వైపు కాలు ఇంకా పొడవుగా దిగాలి, అందుకు ఒక 6 నుంచి 8 అంగుళాలు కలపండి. అంటే 53 నుంచి 55. కంటి ఎత్తు 63.5 అంగుళాలైతే బైనాక్యులర్‌కి 3, హెడ్‌కీ క్లాంప్‌కీ 5 తీసేస్తే 55.5. రెండిట్లో పెద్దది 55.5 కాబట్టి 56 అంగుళాల కాళ్లున్న ట్రైపాడ్ వెతకాలి.

ఈ 56 సెంటర్ కాలమ్ లేకుండా రావాలి. కంపెనీలు "గరిష్ఠ ఎత్తు" అని రాసేది చాలాసార్లు ఆ నడిమి కడ్డీని పూర్తిగా పైకి లేపి కొలిచిన ఎత్తు. కడ్డీ లేపితే మూడు కాళ్ల మీద ఉండాల్సిన రైఫిల్ ఒంటి కాలి మీదికి వచ్చినట్టే. సెంటర్ కాలమ్ ఉన్న ట్రైపాడ్ ఇప్పటికే మీ దగ్గర ఉంటే పారేయక్కర్లేదు, కడ్డీని పూర్తిగా దించి బిగించి వాడండి. తీసేసే వీలుంటే తీసేయండి.

## 3. కాళ్లు: డబ్బు ముందు ఇక్కడ పెట్టండి

బడ్జెట్ తక్కువైతే మంచి కాళ్లు, మామూలు హెడ్ కొనండి. హెడ్ రేపు మార్చుకోవచ్చు. సన్నని కాళ్ల మీద ఎంత ఖరీదైన హెడ్ పెట్టినా రెటికిల్ (స్కోప్‌లో కనిపించే గురి గీతలు) ఊగుతూనే ఉంటుంది.

గొట్టం లావు. గోడ మందం ఒకటే అయినప్పుడు గొట్టం వంగకుండా నిలిచే శక్తి సుమారుగా వ్యాసం ఘనంతో పెరుగుతుంది. 28 మిల్లీమీటర్ల గొట్టం కంటే 36 మిల్లీమీటర్లది లెక్క ప్రకారం రెట్టింపుకు పైగా గట్టిది. నిలబడి కాల్చేవాళ్లు పై గొట్టం 32 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోండి. 36 ఉంటే ఇంకా నయం. లియోఫోటో మోడళ్లలో ఈ సంగతి పేరులోనే ఉంటుంది: ఎల్‌ఎం-364సీ అంటే పై గొట్టం 36 మిల్లీమీటర్లు, ఒక్కో కాలికి 4 ముక్కలు, కార్బన్ ఫైబర్.

ముక్కలు. 3 ముక్కల కాలు గట్టిగా ఉంటుంది, మడిచినా పొడవుగానే ఉంటుంది. 4 ముక్కలది చిన్నగా మడుచుకుంటుంది, కానీ అట్టడుగు గొట్టం సన్నబడుతుంది, తాళం కూడా ఒకటి ఎక్కువ. విమానంలో తీసుకెళ్లేవాళ్లకు, బ్యాక్‌ప్యాక్‌కు కట్టుకునేవాళ్లకు 4 ముక్కలే గతి. మిగతావాళ్లు 3 తీసుకోండి.

కార్బనా, అల్యూమినియమా? అల్యూమినియం చవక, బరువు ఎక్కువ, చలికాలం పొద్దున్నే చేత్తో పట్టుకోలేం, అరిజోనా ఎండలోనూ అంతే. కార్బన్ తేలిక, ప్రకంపనలను త్వరగా అణుస్తుంది. కాకపోతే సన్నని కార్బన్ కంటే లావాటి అల్యూమినియం మేలు. "కార్బన్" అనే మాటకే డబ్బులు ఇవ్వకండి.

తాళాలు. తిప్పి బిగించే ట్విస్ట్ లాక్‌లు దేనికీ చిక్కుకోవు, ఒక కాలి తాళాలన్నిటినీ ఒకే గుప్పిట్లో పట్టుకుని ఒక్క తిప్పులో వదులు చేయొచ్చు. లివర్ తాళం బిగిసిందో లేదో చూడగానే తెలుస్తుంది గానీ పొదల్లో, స్లింగ్‌లో చిక్కుకుంటుంది. నేను ట్విస్ట్ వైపే.

పై పలక. మూడు కాళ్లు కలిసే చోటును అపెక్స్ అంటారు. కాలు అక్కడ కలిసే కీలులో ఆట (వదులు) ఉంటే కింద ఎంత గట్టిగా ఉన్నా లాభం లేదు. దీని పరీక్ష 6వ భాగంలో ఉంది.

పాదాలు. రబ్బరు పాదాలు కాంక్రీటుకు, చెక్క వేదికకు. మట్టికి, గులకకు ఇనుప ముళ్లు. మార్చుకోగలిగే రకం కొనండి.

ధర సంగతికొస్తే, రియల్లీ రైట్ స్టఫ్ లాంటి అమెరికన్ తయారీ కాళ్లకే వెయ్యి డాలర్లు దాటుతుంది. వాటి పనితనం నిజమే, కానీ మొదటి ఏడాది ఆడేవాళ్లకు అంత అక్కర్లేదు. సగం ధరలో 36 మిల్లీమీటర్ల కాళ్లు తీసుకుని మిగిలింది తూటాలకు పెట్టండి.

## 4. హెడ్

ఫొటోగ్రాఫర్లు వాడే పాన్-టిల్ట్ పిడుల హెడ్ వద్దు. ఆ పిడులు భుజానికి, చేతికి అడ్డొస్తాయి, ఒక్కో దిక్కుకూ విడిగా బిగించాలి. మిగిలినవి రెండు.

బాల్‌హెడ్. ఏ వైపుకైనా వాలుతుంది, బైనాక్యులర్‌కీ రైఫిల్‌కీ పనికొస్తుంది. బంతి కనీసం 40 మిల్లీమీటర్లు ఉండాలి, 50కి దగ్గరైతే రైఫిల్ బరువుకు జారదు. ఘర్షణను విడిగా సర్దే మర ఉంటే దాన్ని కొంచెం బిగువుగా పెట్టుకోండి: ప్రధాన మర వదిలినా రైఫిల్ ధబీమని వాలిపోదు. ఆ మర లేని హెడ్ మీద రైఫిల్ ముక్కు నేలకు కొట్టుకోవడం మ్యాచ్‌లలో తరచూ కనిపించేదే.

లెవెలింగ్ హెడ్. ఎత్తు తక్కువ, వాలడం కూడా తక్కువే. రియల్లీ రైట్ స్టఫ్ ఆన్విల్-30 లాంటివి సుమారు 30 డిగ్రీల వరకే వాలుతాయి. రైఫిల్‌కు అంతకంటే అవసరం రాదు. పొడవాటి మెడ లేకపోవడం వల్ల రైఫిల్ కాళ్లకు దగ్గరగా కూర్చుంటుంది, ఊపు తగ్గుతుంది. కాల్చడమే ప్రధానమైతే ఇదే కొనండి.

హెడ్ ట్రైపాడ్‌కు ఎక్కేది 3/8 అంగుళాల మరతో. ఎక్కించాక పలక అడుగున ఉండే చిన్న సెట్ స్క్రూలను అలెన్ కీతో బిగించడం మరిచిపోకండి. అవి వదులుగా ఉంటే, రైఫిల్‌ను ఎడమకు తిప్పిన ప్రతిసారీ హెడ్ కొద్దికొద్దిగా ఊడివస్తుంటుంది. "నా ట్రైపాడ్‌లో ఏదో ఆట వచ్చింది" అని తెచ్చేవాటిలో చాలావాటికి జబ్బు ఇదే.

## 5. రైఫిల్‌ను పట్టే క్లాంప్

ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి, ఇరువైపుల నుంచి ఫోరెండ్‌ను బిగించి పట్టే సాడిల్. ఏ రైఫిల్‌కైనా సరిపోతుంది, వేట రైఫిల్ స్టాక్‌కు ప్లేట్ బిగించడం ఇష్టం లేనివాళ్లు దీన్ని వాడతారు. బరువు ఎక్కువ, సర్దుకోవడానికి టైమ్ పడుతుంది.

రెండోది ఆర్కా ప్లేటు. ఇప్పుడు మ్యాచ్‌లలో దాదాపు అందరిదీ ఇదే. ఫోరెండ్ అడుగున పొడవాటి పట్టా ఉంటే క్లాంప్‌ను ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. అయితే తుపాకీలకు ఉపకరణాలు బిగించే పికాటిన్నీ రైలుకు మిల్-స్టాండర్డ్-1913 అనే లిఖిత కొలత ఉన్నట్టు ఆర్కాకు లేదు. ఒక కంపెనీ పట్టా, ఇంకో కంపెనీ లివర్ క్లాంప్ కలిస్తే వదులుగా ఉండొచ్చు, అసలు మూసుకోకపోవచ్చు. వేర్వేరు కంపెనీలవి కలిపేవాళ్లు మర తిప్పి బిగించే క్లాంప్ గానీ, బిగువు సర్దుకునే లివర్ గానీ తీసుకోండి.

క్లాంప్ ఎక్కడ పట్టాలి? రైఫిల్‌ను స్కోప్, బైపాడ్ (ముందు ఉండే రెండు కాళ్ల ఆసరా), ఖాళీ మ్యాగజైన్‌తో సహా రెండు వేళ్ల మీద నిలపండి. ఎటూ వాలకుండా నిలిచిన చోట పట్టా మీద చిన్న తెల్ల గీత పెయింట్‌తో గీయండి. సాధారణంగా అది మ్యాగజైన్ ముందు పక్కన వస్తుంది. చీకట్లో, హడావుడిలో కూడా ఆ గీతే దిక్కు.

## 6. రిటర్న్ గడువు ముగిసేలోగా చేయాల్సిన పరీక్షలు

మెలి పరీక్ష. ట్రైపాడ్‌ను మీ కాల్చే ఎత్తుకు నిలబెట్టి, అపెక్స్‌ను రెండు చేతులతో పట్టుకుని సీసా మూత తిప్పినట్టు కుడికీ ఎడమకీ మెలిపెట్టండి. కాలి కీలు దగ్గర టక్కుమని శబ్దం వస్తే కీలు బోల్టు బిగించి మళ్లీ చూడండి. అప్పటికీ వస్తే తిరిగి పంపేయండి.

తట్టు పరీక్ష. ఖాళీ రైఫిల్‌ను ఎక్కించి స్కోప్‌ను 10, 12 రెట్లకు పెట్టి దూరంగా ఒక గుర్తు చూడండి. పక్కవాళ్లను బ్యారెల్ మీద వేలితో ఒక్కసారి తట్టమనండి. రెటికిల్ ఒక సెకను లోపు సద్దుమణిగితే బాగున్నట్టు. మూడు సెకన్లు గడిచినా వణుకుతుంటే కాళ్లో హెడ్డో బలహీనం. హెడ్ తీసి అపెక్స్ మీద చెయ్యి ఆనించి మళ్లీ తట్టించండి, ఏది వణుకుతోందో తేలిపోతుంది.

ఊపు కొలత. ఇదే అసలు పరీక్ష. నిలబడి గురి పెట్టి, పది సెకన్ల పాటు రెటికిల్ ఎంత మేర తిరుగుతోందో మిల్ గీతలతోనే (రెటికిల్ మీద కోణాన్ని కొలిచే గీతలు) కొలవండి. 1 మిల్ అంటే 400 గజాల దగ్గర 14.4 అంగుళాలు. ఆ దూరంలో 10 అంగుళాల ఉక్కు ప్లేటు 0.7 మిల్ వెడల్పు కనిపిస్తుంది. మీ ఊపు 0.5 మిల్ లోపుంటే ఆ ప్లేటు మీద నమ్మకంగా ట్రిగ్గర్ నొక్కొచ్చు. 1 మిల్ ఉంటే అదృష్టాన్ని నమ్ముకున్నట్టే. ఈ అంకెను తేదీ వేసి రాసుకోండి. రెండు ట్రైపాడ్‌ల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతే నిర్ణయించేది ఇదే.

సెంటర్‌ఫైర్ బోల్ట్ రైఫిళ్లలో ఖాళీగా ట్రిగ్గర్ నొక్కి సాధన చేయడం మామూలే. 0.22 రిమ్‌ఫైర్ అయితే స్నాప్ క్యాప్ (సాధనకు వాడే ఉత్తుత్తి తూటా) లేకుండా నొక్కకండి, ఫైరింగ్ పిన్ చాంబర్ అంచుకు తగిలి దెబ్బతినొచ్చు.

## 7. నిలబెట్టే వరుస

1. పరిగెత్తుకొచ్చి కాళ్లు చాపడం కాదు, ముందు టార్గెట్ దిక్కు చూడండి. ఒక కాలు టార్గెట్ వైపు, రెండు మీ వైపు. మీ పాదాలు ఆ రెండు కాళ్ల మధ్యకు వస్తాయి, ముందు కాలి మీదికి వాలడానికి వీలవుతుంది.

2. వాలులో అయితే రెండు కాళ్లు కిందివైపు పెట్టండి. ఇక్కడ మొదటి నియమాన్ని వదులుకోవచ్చు.

3. కాళ్లు తెరిచేటప్పుడు మొదటి ఆపు కోణం దగ్గరే ఆపండి. కాలు పూర్తిగా ఆ ఆపు దాకా తెరుచుకుందో లేదో చేత్తో బయటికి తోసి చూడండి. సగం తెరిచిన కాలు, బరువు పడగానే జారుతుంది.

4. మామూలుగా లావాటి పై గొట్టాలు ముందు, సన్నవి చివర తీయాలి. మ్యాచ్‌లో మాత్రం నేను తిరగేస్తాను: కింది ముక్కల్ని స్టేజ్‌కి ముందే కావాల్సినంత తీసి బిగించేస్తాను, గడియారం మొదలయ్యాక పై తాళంతోనే ఎత్తు సర్దుతాను. వంగక్కర్లేదు కాబట్టి టైమ్ కలిసొస్తుంది. కొద్దిగా గట్టిదనం పోతుంది, అది భరించదగ్గదే.

5. రైఫిల్ బోల్ట్ వెనక్కి లాగి ఉంచి, బ్యారెల్ టార్గెట్ల వైపే ఉంచి, రైఫిల్‌ను క్లాంప్‌లోకి దించండి. తెల్ల గీత చూసుకోండి. బిగించాక చెయ్యి వదలకుండా ఒకసారి పైకి లాగి చూడండి. పట్టింది అని తెలిశాకే చెయ్యి వదలాలి.

6. రెటికిల్ నిట్టనిలువుగా ఉందా చూసుకోండి. స్కోప్ మీద చిన్న బబుల్ లెవెల్ ఉంటే సులువు.

7. తుంటి రెండు వైపులా టార్గెట్‌కు ఎదురుగా, ఒక పాదం కాస్త వెనక్కి. బట్‌ను కాలర్ ఎముక దగ్గరికి తెచ్చి, చేత్తో లాగకుండా ఒంటి బరువుతోనే ముందుకు వాలండి. ట్రైపాడ్ మీద కొద్దిపాటి ఒత్తిడి పడాలి, ముందు కాలు మట్టిలో దిగినట్టు అనిపించాలి.

8. కళ్లు మూసి ఒక శ్వాస తీసి వదిలి తెరవండి. రెటికిల్ పక్కకు జరిగి ఉంటే చేతులతో తోయకండి, పాదాలు జరపండి.

9. హెడ్ బిగించండి. ట్రిగ్గర్ నొక్కాక అదే భంగిమలో ఉండి, తూటా ఎక్కడ తగిలిందో స్కోప్‌లోనే చూడాలి. టార్గెట్ స్కోప్‌లోంచి పూర్తిగా ఎగిరిపోతుంటే మీరు ట్రైపాడ్ మీదికి వాలడం లేదన్నమాట.

గాలి ఎక్కువగా ఉంటే కొందరు బ్యాగును నడిమి కొక్కేనికి వేలాడదీస్తారు. గాల్లో ఊగే బ్యాగు ట్రైపాడ్‌నూ ఊపుతుంది. అడుగు భాగం నేలకు ఆనేలా కట్టండి.

## 8. వెనక ఆసరాగా వాడేటప్పుడు

ముందు వైపు బారికేడ్, దానిమీద బ్యాగు. వెనక ట్రైపాడ్, దాని తల మీద ఇంకో బ్యాగు, దానిమీద బట్. ఈ వరుసలో రైఫిల్‌ను ట్రైపాడ్‌కు బిగించరు, ఆనిస్తారు. ఎత్తు ఒక అంగుళం తక్కువగానే పెట్టుకోండి, మిగిలింది బ్యాగు నొక్కి సర్దుకోవచ్చు. ఎక్కువ పెడితే మళ్లీ తాళాలు తిప్పుతూ కూర్చోవాలి. కొన్ని మ్యాచ్‌లలో, కొన్ని స్టేజ్‌లలో ట్రైపాడ్ అనుమతించరు కాబట్టి స్టేజ్ వివరణ చదివాకే మోసుకెళ్లండి.

## 9. తరచూ జరిగే తప్పులు, వాటి మందు

రెటికిల్ అడ్డంగా ఊగుతోంది. కాళ్ల బలహీనత లేదా పాన్ మర (హెడ్ పక్కలకు తిరగకుండా బిగించేది) వదులు. ముందు పాన్ మర బిగించండి, తగ్గకపోతే ఎత్తు తగ్గించి చూడండి. పొడవు తగ్గేకొద్దీ కాలు చాలా త్వరగా గట్టిపడుతుంది. వెడల్పుగా నిలబడితే మూడు, నాలుగు అంగుళాలు దిగొచ్చు.

నిలువుగా ఊగుతోంది. అది ఎక్కువగా శ్వాస, లేదా బట్‌కు ఆసరా లేకపోవడం. ఎడమ చేతిని ముందుకు చాపకుండా, కుడి భుజం కిందికి తెచ్చి బట్‌ను పట్టుకోండి.

ప్రతి షాట్‌కూ గురి కిందికి జారుతోంది. బంతి జారుతోంది. బంతికి నూనె అంటుకుందేమో పొడిగుడ్డతో తుడవండి. క్లాంప్‌ను తెల్ల గీత దగ్గరికి జరపండి.

ఒక కాలు మెల్లగా కుంగుతోంది. ట్విస్ట్ లాక్‌లో ఇసుక. విప్పి కడగండి.

ట్రైపాడ్ మీద రైఫిల్ వదిలేసి బైనాక్యులర్ కోసం వెళ్లడం. ఎంత గట్టి ట్రైపాడైనా ఇది చేయొద్దు. ఒక్క గాలి విసురు చాలు. బోల్ట్ తెరిచి, చాంబర్ ఫ్లాగ్ (చాంబర్ ఖాళీ అని చూపే రంగు గుర్తు) పెట్టి, రైఫిల్ దించాకే కదలండి.

## 10. మ్యాచ్ ముందురోజు

- అపెక్స్ కీళ్ల బోల్టులు, హెడ్ సెట్ స్క్రూలు బిగువు
- క్లాంప్ మీ పట్టాకు పూర్తిగా మూసుకుంటోంది
- నేలకు తగ్గ పాదాలు, అదనపు జత బ్యాగులో
- అలెన్ కీలు ట్రైపాడ్ కాలికే టేప్ వేసి
- బైనాక్యులర్‌కు కూడా అదే ఆర్కా ప్లేటు
- నిలబడే, మోకాలి, కూర్చునే ఎత్తులకు కాళ్ల మీద రంగు టేప్ గుర్తులు

ఇంటికొచ్చాక కాళ్లు ముక్కలుగా విప్పి మంచినీళ్లతో కడిగి, మరల్లో ఇసుకను పాత టూత్‌బ్రష్‌తో రాల్చి, పూర్తిగా ఆరాకే బిగించండి. మరలకు గ్రీజు పలుచగా చాలు, ఎక్కువైతే మళ్లీ ఇసుక పట్టేది అక్కడే. కార్బన్ గొట్టానికి ఎక్కడైనా చీలిక కనిపిస్తే టేప్ చుట్టి నెట్టుకురావద్దు, ఆ ముక్క మార్చేయండి.